రాజ్యాంగాన్ని ఒకే పుస్తకంగా రాసుకోవాలా? ఎటూ తేల్చుకోలేని వారికి

"అలిఖిత రాజ్యాంగం" అన్న మాటలోనే చిన్న మోసం ఉంది. బ్రిటన్‌కు రాసిన రాజ్యాంగం లేదని పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. నిజానికి అక్కడ రాతకు కొదవ లేదు. 1215 నాటి మాగ్నా కార్టా, 1689 హక్కుల చట్టం, 1701 వారసత్వ చట్టం, 1911, 1949 పార్లమెంటు చట్టాలు, 1998 మానవ హక్కుల చట్టం, అన్నీ కాగితం మీదే ఉన్నాయి. లేనిదల్లా వీటిని ఒకచోట చేర్చి, "ఇది మామూలు చట్టాలకంటే పైది, దీన్ని మార్చడానికి మామూలు మెజారిటీ చాలదు" అని చెప్పే పత్రం.

అందుకే ఒక దేశం లిఖిత రాజ్యాంగాన్ని స్వీకరించాలా అన్న ప్రశ్నలో రెండు ప్రశ్నలు చిక్కుపడి ఉంటాయి. నియమాలన్నిటినీ ఒక పుస్తకంలోకి చేర్చాలా? ఆ పుస్తకానికి తాళం వేయాలా? తాళం లేకుండా చేర్చుకున్న దేశం ఉంది. చేర్చకుండానే తాళం వేసుకున్న దేశమూ ఉంది. వాదనలు వేడెక్కినప్పుడు ఈ రెండూ కలగాపులగమైపోయి, ఒకరు పుస్తకం గురించి మాట్లాడుతుంటే మరొకరు తాళం గురించి జవాబిస్తుంటారు. నా మట్టుకు నాకు పుస్తకం కంటే తాళం ముఖ్యం. ఎందుకో కింద ఒక్కో దారినీ చూస్తూ చెబుతాను.

## ఏ కొలతలతో తూచాలి

"జాతి ఆత్మ", "పవిత్ర గ్రంథం" వంటి మాటలను కాసేపు పక్కన పెడదాం. తూకానికి పనికొచ్చే ప్రశ్నలు అయిదు.

మార్చడం ఎంత కష్టం? సగానికి ఒక్క ఓటు ఎక్కువైతే చాలా, మూడింట రెండు వంతులు కావాలా, మధ్యలో ఎన్నికలు జరగాలా, రెఫరెండం (ఆ ఒక్క ప్రశ్నపై ప్రజల ఓటు) పెట్టాలా? మిగతా నాలుగింటి బరువూ దీన్నిబట్టే మారుతుంది.

చివరి మాట ఎవరిది? చట్టసభ చేసిన చట్టాన్ని న్యాయస్థానం కొట్టివేయగలదా, తప్పు ఉందని చెప్పి ఊరుకోవాలా?

గందరగోళం వచ్చిన రోజున నియమం దొరుకుతుందా? ఓడిన ప్రధాని మాట వినకపోతే, ఎవరికీ మెజారిటీ రాకపోతే, సభను నెలల తరబడి సమావేశపరచకపోతే ఏం చేయాలో ఎక్కడ చూసుకోవాలి?

తక్కువ సంఖ్యలో ఉన్నవారికి దక్కేదేమిటి? ఎప్పటికీ మెజారిటీ కాలేని భాషకు, మతానికి, ప్రాంతానికి చెందినవారి సంగతి.

రాయడానికి అయ్యే ఖర్చెంత? డబ్బు గురించి కాదు. ఏళ్లు పడుతుంది, పాత తగాదాలన్నీ మళ్లీ బల్ల మీదికి వస్తాయి. ఎంచుకునేటప్పుడు ఎక్కువమంది మరచిపోయే కొలత ఇదే.

## మొదటి దారి: ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచడం

బ్రిటన్ పద్ధతికి పునాది పార్లమెంటు సార్వభౌమత్వం. ఈనాటి పార్లమెంటు చేసిన ఏ చట్టాన్నైనా రేపటి పార్లమెంటు మామూలు మెజారిటీతో తీసేయగలదు. మిగిలిన బండి సంప్రదాయాల మీద నడుస్తుంది. ఉభయ సభలు ఆమోదించిన బిల్లుకు రాజు అడ్డుచెప్పకపోవడం, దిగువ సభ విశ్వాసం కోల్పోయిన ప్రధాని తప్పుకోవడమో ఎన్నికలకు వెళ్లడమో చేయడం ఇలాంటివే. వీటి కోసం కోర్టుకు వెళ్లి గెలవలేరు.

ఈ పద్ధతిని తేలిగ్గా తీసిపారేయకూడదు. 1911లో ఎగువ సభ అయిన ప్రభువుల సభ వీటో అధికారానికి కత్తెర వేశారు. 1998లో స్కాట్లండ్‌కు, వేల్స్‌కు చట్టసభలు ఇచ్చారు. 1999లో వంశపారంపర్య ప్రభువుల్లో అత్యధికుల్ని సభ నుంచి పంపించారు. 2009లో కొత్తగా సుప్రీంకోర్టు తెరిచారు. ఇంతింత మార్పుల్లో ఒక్కదానికీ పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీ అవసరం పడలేదు. అమెరికాలో ఈపాటి మార్పు ఒక్కటి రావాలంటే ఉభయ సభల్లో మూడింట రెండు వంతుల మద్దతు కూడగట్టి, ఆపైన 50 రాష్ట్రాల్లో 38 చేత ఔననిపించాలి.

ఇక రెండో వైపు. 2011లో బ్రిటిష్ పార్లమెంటు తన కాలపరిమితిని అయిదేళ్లుగా ఖరారు చేస్తూ ఒక చట్టం చేసింది. ముందస్తు ఎన్నికలు కావాలంటే దిగువ సభ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలని అందులో రాశారు. చూడటానికి బలమైన తాళమే. 2019లో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం మూడుసార్లు ప్రయత్నించినా ఆ సంఖ్య రాలేదు. అప్పుడు ఏం చేశారంటే, ఆ తాళం జోలికే పోకుండా, ఈ ఒక్కసారికి డిసెంబరు 12న ఎన్నికలు జరుగుతాయని చిన్న బిల్లు తెచ్చారు. బిల్లుకు మామూలు మెజారిటీ చాలు కదా. ఎన్నికలు ఆ తేదీకే జరిగాయి. 2022లో అసలు చట్టాన్నే రద్దు చేశారు. మామూలు చట్టంతో వేసిన తాళాన్ని మామూలు చట్టంతోనే తీయవచ్చని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

2019లోనే మరో సంగతి. పార్లమెంటును సుమారు అయిదు వారాల పాటు ప్రోరోగ్ చేయమని, అంటే సమావేశాలు ముగించి మూసి ఉంచమని, ప్రధాని రాణికి సలహా ఇచ్చారు. ఎంతకాలం ప్రోరోగ్ చేయవచ్చో చెప్పే నియమం ఎక్కడా రాసి లేదు. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టులోని 11 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ సలహా చట్టవిరుద్ధమనీ, ప్రోరోగేషన్ చెల్లదనీ తేల్చారు. పార్లమెంటు సార్వభౌమత్వం, పార్లమెంటుకు ప్రభుత్వ జవాబుదారీతనం అన్న సూత్రాల నుంచి హద్దును వారే తవ్వి తీశారు. "రాజ్యాంగం రాస్తే న్యాయమూర్తుల రాజ్యం వస్తుంది, రాయకపోతే రాదు" అనేవారు ఈ తీర్పు చదవాలి. రాసి లేనిచోట న్యాయమూర్తికి పని తగ్గదు, చేతిలో ఆధారం మాత్రం తగ్గుతుంది.

స్కాట్లండ్ అనుభవం ఇంకా చేదైనది. స్కాట్లండ్ పార్లమెంటుకు అప్పగించిన విషయాల్లో దాని సమ్మతి లేకుండా లండన్ సాధారణంగా చట్టం చేయదన్న సంప్రదాయాన్ని 2016లో చట్టంలోకే ఎక్కించారు. 2017 జనవరిలో, యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగడంపై వచ్చిన కేసులో, అది రాజకీయ సంప్రదాయమే కాబట్టి తాము అమలు చేయించలేమని సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీదికి వచ్చినా చేతికి మాత్రం అందలేదు.

## రెండో దారి: చేర్చుకోవడం, తాళం జోలికి పెద్దగా పోకపోవడం

1984 జులై 14న న్యూజిలాండ్‌లో ఎన్నికలు జరిగాయి. రాబర్ట్ మల్డూన్ ప్రభుత్వం ఓడిపోయింది. డేవిడ్ లాంగీ నాయకత్వంలో లేబర్ పార్టీ గెలిచింది. దేశ కరెన్సీ విలువ తగ్గిస్తారన్న అంచనాతో అప్పటికే డబ్బు దేశం దాటిపోతోంది. రిజర్వ్ బ్యాంకు విదేశీ మారక లావాదేవీలు ఆపేసింది. కొత్త మంత్రివర్గం ప్రమాణం చేయడానికి ఇంకా రోజులు పడుతుంది. గెలిచినవారు వెంటనే విలువ తగ్గించమన్నారు. ప్రధాని పదవితోపాటు ఆర్థిక శాఖ కూడా తన దగ్గరే ఉన్న మల్డూన్ ససేమిరా అన్నారు. ఓడిన ప్రభుత్వం గెలిచినవారి మాట వినాలా? వినాలని అందరికీ తెలుసు, కానీ ఎక్కడ రాసి ఉందో ఎవరూ చూపించలేరు. చివరికి సొంత పార్టీ సహచరుల ఒత్తిడితో ఆయన దిగివచ్చారు. కరెన్సీ విలువను 20 శాతం తగ్గించారు.

ఆ కొద్ది రోజుల భయం నుంచి పుట్టినదే 1986 రాజ్యాంగ చట్టం. చాలా చిన్నది. దేశాధినేత, మంత్రులు, పార్లమెంటు, న్యాయమూర్తులు ఎవరెవరో, ఎవరికి ఏ అధికారమో తేటగా చెబుతుంది. ఆపద్ధర్మ ప్రభుత్వం గెలిచినవారి సలహా ప్రకారం నడుచుకోవాలన్న సంప్రదాయాన్ని క్యాబినెట్ మాన్యువల్ అనే ప్రభుత్వ మార్గదర్శక పుస్తకంలో వివరంగా రాసుకున్నారు. అంటే పైన చెప్పిన మూడో కొలతకు, గందరగోళం రోజున నియమం దొరకడానికి, తాళం అక్కర్లేకపోయింది. రాసి పెట్టుకుంటే సరిపోయింది.

హక్కుల విషయంలో ఇదే పద్ధతి నత్తనడక నడుస్తుంది. 1990 హక్కుల చట్టం ప్రకారం కోర్టు చట్టాన్ని కొట్టివేయలేదు. ఖైదీలందరికీ ఓటు తీసేస్తూ 2010లో చట్టం వచ్చింది. అది హక్కుల చట్టానికి విరుద్ధమని 2015లో హైకోర్టు ప్రకటించింది. అలా ప్రకటించే అధికారం కోర్టుకు ఉందని 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మూడేళ్ల లోపు శిక్ష పడినవారికి 2020లో పార్లమెంటు ఓటు తిరిగి ఇచ్చింది. ప్రజాస్వామ్యం తన తప్పు తాను దిద్దుకుందని ఒకరు మెచ్చుకుంటారు. పదేళ్లు పట్టిందని ఇంకొకరు నొచ్చుకుంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

అక్కడ తాళం బొత్తిగా లేదనీ కాదు. ఓటు వయసు, పార్లమెంటు కాలపరిమితి వంటి కొన్ని ఎన్నికల నియమాలను మార్చాలంటే సభలో 75 శాతం మంది ఒప్పుకోవాలి, లేదా రెఫరెండం నెగ్గాలి. తమాషా ఏమిటంటే, ఆ 75 శాతం అడిగే సెక్షన్‌కు మాత్రం తాళం లేదు. తలుపుకు తాళం వేసి, చెవిని గుమ్మం పక్కనే మేకుకు తగిలించినట్టు. అయినా పార్టీలన్నీ దాన్ని గౌరవిస్తూ వచ్చాయి. మరి 2022 నవంబరులో నీటి సరఫరా ఆస్తులు ప్రైవేటుపరం కాకుండా 60 శాతం మెజారిటీతో తాళం వేసే సవరణను సభ ఆమోదించినప్పుడు న్యాయనిపుణులు గగ్గోలు పెట్టారు. ఆ లక్ష్యాన్ని మెచ్చినవారు కూడా అందులో ఉన్నారు. ఒక విధాన నిర్ణయానికి ఈ పార్టీ తాళం వేస్తే రేపు ఇంకో పార్టీ తన విధానానికి వేస్తుందన్నది వారి అభ్యంతరం. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మీ దేశంలో అలాంటి గగ్గోలు పుడుతుందా, పుడితే ప్రభుత్వం వింటుందా? ఈ దారి మీకు సరిపడుతుందో లేదో ఆ జవాబే చెబుతుంది.

## మూడో దారి: ఒక్కో అధ్యాయం రాసుకుంటూ పోవడం

ఇజ్రాయెల్ స్వాతంత్ర్య ప్రకటనలో 1948 అక్టోబరు 1 లోగా రాజ్యాంగం ఆమోదించాలని ఉంది. ఆ గడువు దాటిపోయింది. మతానికీ రాజ్యానికీ సంబంధం ఎలా ఉండాలన్న దగ్గరే పీటముడి పడింది. 1950లో రాజీ కుదిరింది: రాజ్యాంగాన్ని ఒక్కసారిగా కాక, అధ్యాయాల వారీగా, ఒక్కో "మౌలిక చట్టం" చొప్పున రాసుకుందాం, అన్నీ పూర్తయ్యాక కలిపి కుడదాం. ఇప్పటికీ కుట్టలేదు.

ఈ దారిలో గండం ఆలస్యం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఏ అధ్యాయం ఏ మెజారిటీతో రావాలో ముందే చెప్పుకోలేదు. 1992లో మానవ గౌరవం, స్వేచ్ఛలపై మౌలిక చట్టం 120 మంది సభ్యులున్న సభలో 32కు 21 ఓట్లతో వచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని మామూలు చట్టాలను కొట్టివేసే అధికారం తమకు ఉందని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 జులైలో ప్రభుత్వ నిర్ణయాలు సహేతుకంగా ఉన్నాయా అని కోర్టు పరిశీలించే అధికారాన్ని కుదిస్తూ ఒక మౌలిక చట్టానికి సవరణ చేశారు. ప్రతిపక్షం సభ నుంచి వెళ్లిపోగా 64 ఓట్లతో, సున్నా వ్యతిరేకతతో ఆమోదం పొందింది. 2024 జనవరి 1న 15 మంది న్యాయమూర్తులూ కూర్చుని 8-7 తేడాతో దాన్ని కొట్టివేశారు. పావువంతు సభ్యులు ఔనన్న చట్టాన్ని రాజ్యాంగం అనాలా? రాజ్యాంగంలోని అధ్యాయాన్నే ఒక్క న్యాయమూర్తి తేడాతో రద్దు చేయవచ్చా? రెండు పక్షాల కోపానికీ కారణం ఉంది. పుస్తకం పూర్తి కాకముందే దాని మీద దావాలు మొదలయ్యాయి.

ఇలా ముక్కలుగా ఉండటమే జబ్బు అనుకోవద్దు. స్వీడన్ రాజ్యాంగం కూడా నాలుగు విడి పత్రాలే: 1974 పాలనా పత్రం, 1810 వారసత్వ చట్టం, 1949 పత్రికా స్వేచ్ఛ చట్టం, 1991 భావప్రకటన స్వేచ్ఛ చట్టం. కానీ నాలుగింటికీ తాళం ఒకటే. పార్లమెంటు రెండుసార్లు ఆమోదించాలి, ఆ రెండింటి మధ్యా సాధారణ ఎన్నికలు జరగాలి. ఇంత సాదా తాళం, ఇంత తెలివైన తాళం మరోచోట నాకు కనిపించలేదు. మెజారిటీ ఎంత పెద్దదని అడగదు, ప్రజల ముందుకు వెళ్లి వచ్చారా అని అడుగుతుంది. ఆవేశంలో చేసిన సవరణ చల్లారడానికి సమయం దొరుకుతుంది. ఫిన్లండ్ కూడా నాలుగు పాత చట్టాలతోనే చాలాకాలం నడిచి, 2000 మార్చి 1న వాటిని ఒకే రాజ్యాంగంగా కలుపుకుంది. తొందర లేనప్పుడు, పెద్ద తగాదా లేనప్పుడు చేసిన పని కాబట్టి గొడవ లేకుండా జరిగిపోయింది.

## నాలుగో దారి: పూర్తి పుస్తకం, గట్టి తాళం

ప్రపంచంలో అత్యధిక దేశాలు ఉన్నది ఇక్కడే. అందువల్ల మంచికీ చెడుకూ ఉదాహరణలు కొల్లలు.

మంచి వైపు నుంచి జర్మనీని చూడండి. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని 48వ అధికరణ అధ్యక్షుడికి అత్యయిక అధికారాలు ఇచ్చింది. 1933కల్లా ఆ తలుపు గుండానే ప్రజాస్వామ్యం బయటికి పోయింది. 1949లో మౌలిక శాసనం (ఇప్పటి జర్మనీ రాజ్యాంగం) రాసినవారు ఆ గాయాలను తడుముకుంటూ రాశారు. ప్రభుత్వాధినేత అయిన ఛాన్సలర్‌ను దించాలంటే కొత్త ఛాన్సలర్‌ను అదే ఓటింగులో ఎన్నుకోవాలన్నారు. మానవ గౌరవం, ప్రజాస్వామ్యం, సమాఖ్య స్వరూపం వంటి వాటిని ఏ మెజారిటీతోనూ ముట్టుకోకూడదన్నారు. మిగతా వాటిని ఉభయ సభల్లో మూడింట రెండు వంతులతో మార్చుకోవచ్చు. ఇప్పటికి 60 సార్లకు పైగా మార్చుకున్నారు కూడా. గట్టి తాళం అంటే తుప్పు పట్టిన తాళం కానక్కర్లేదు.

తాళం మరీ బిగిస్తే ఏమవుతుందో చూడాలంటే అమెరికా ఉంది. రెండు శతాబ్దాలు దాటినా 27 సవరణలే. వాటిలో చివరిది 1789లో ప్రతిపాదించగా 1992లో ఆమోదం పొందింది. సవరణ దాదాపు అసాధ్యమైనచోట మార్పు ఆగదు, న్యాయమూర్తుల వ్యాఖ్యానంలోకి మారుతుంది. గర్భస్రావం హక్కు ఉందని 1973లో, లేదని 2022లో చెప్పిన సుప్రీంకోర్టు చదివింది ఒకే పాఠాన్ని. మధ్యలో ఆ హక్కుకు ఆధారంగా చూపిన మాటల్లో ఒక్క అక్షరం మారలేదు. ఇక సుప్రీంకోర్టులో ఖాళీ వస్తే ఎన్నికలంతటి హడావుడి ఎందుకు జరుగుతుందో వేరే చెప్పాలా?

తాళం వదులైతే హంగరీ కనిపిస్తుంది. 2010 ఎన్నికల్లో విక్టర్ ఓర్బాన్ నాయకత్వంలోని ఫిదెస్ కూటమికి సుమారు 53 శాతం ఓట్లు వచ్చాయి. ఎన్నికల పద్ధతి వల్ల 386 స్థానాల్లో 263 దక్కాయి. అది మూడింట రెండు వంతులకు పైనే. రాజ్యాంగం మార్చడానికి అదొక్కటే షరతు కాబట్టి 2011లో ఏకపక్షంగా కొత్త రాజ్యాంగాన్నే ఆమోదించి, 2012 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చారు. అక్కడ నియమం ఏదీ తప్పలేదు. తాళం పరిమాణాన్ని ఎన్నికల పద్ధతితో కలిపి చూడకపోతే మూడింట రెండు వంతులు అన్నది ఉత్త అంకె.

అన్నీ రాసుకున్నామన్న ధీమా కూడా పనికిరాదు. 1901 నుంచి లిఖిత రాజ్యాంగం ఉన్న ఆస్ట్రేలియాలో, ఆ పత్రంలో ప్రధానమంత్రి అన్న పదవి ప్రస్తావనే లేదు. 1975 నవంబరు 11న రాణి ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్ జాన్ కెర్, దిగువ సభలో మెజారిటీ ఉన్న ప్రధాని గాఫ్ విట్లంను తొలగించారు. అది సంప్రదాయానికి సరిపడుతుందా లేదా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. రాజ్యాంగం ఎంత లావైనా కొంత భాగం మనుషుల తలల్లోనే ఉండిపోతుంది.

తాళాన్ని అంచెలంచెలుగా వేయడం ఇక్కడ తెలివైన పని. భారత రాజ్యాంగంలో రాష్ట్రాల సరిహద్దుల వంటివి మామూలు మెజారిటీతో మారతాయి. అధిక భాగానికి ప్రత్యేక మెజారిటీ కావాలి. సమాఖ్య అధికారాలను తాకే వాటికి కనీసం సగం రాష్ట్రాల చట్టసభలు కూడా ఒప్పుకోవాలి. 1973లో సుప్రీంకోర్టు 7-6 తీర్పుతో, ఏ సవరణా దెబ్బతీయకూడని మౌలిక స్వరూపం అన్న ఇంకో అంచెను చేర్చింది. ఇది మాత్రం రాసినవారు పెట్టింది కాదు. కెనడా ఇంకో రకంగా రాజీ పడింది. 1982 హక్కుల పత్రంలోని 33వ సెక్షన్ ప్రకారం చట్టసభ కొన్ని హక్కులను పక్కనపెట్టి చట్టం చేయగలదు. అయిదేళ్లకు ఆ మినహాయింపు దానంతటదే పోతుంది. కావాలంటే ఎన్నికలకు వెళ్లివచ్చి మళ్లీ అందరి ముందూ చెప్పుకోవాలి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| కొలత | ఉన్నది ఉన్నట్టే (బ్రిటన్) | చేర్చడం, తాళం తక్కువ (న్యూజిలాండ్) | అధ్యాయాల వారీ (ఇజ్రాయెల్) | పూర్తి పుస్తకం (జర్మనీ, అమెరికా, భారత్) |
|---|---|---|---|---|
| మార్చడం | చాలా తేలిక | తేలిక, కొన్ని ఎన్నికల నియమాలు తప్ప | అధ్యాయాన్నిబట్టి | కష్టం, ఎంత అన్నది దేశాన్నిబట్టి |
| చివరి మాట | పార్లమెంటు | పార్లమెంటు, కోర్టు తప్పు చూపగలదు | ఇంకా తేలలేదు | ఎక్కువగా కోర్టు |
| గందరగోళం రోజున | ఊహించుకోవాలి | మాన్యువల్ చూసుకోవచ్చు | వాదించుకోవాలి | చాలావరకు రాసి ఉంటుంది |
| తక్కువ సంఖ్యవారికి | మెజారిటీ మంచితనం | మెజారిటీ మంచితనం, కొంత సిగ్గు | కోర్టు బలాన్నిబట్టి | రాసిన హామీ |
| రాసే ఖర్చు | లేదు | తక్కువ | వాయిదాల్లో, వడ్డీతో | భారీ |

## రాయడమే ఒక గండం

చివరి గడిలోని "భారీ" అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. చిలీలో 2020 అక్టోబరులో 78 శాతం మంది కొత్త రాజ్యాంగం కావాలన్నారు. ఎన్నికైన సభ 388 అధికరణలతో ముసాయిదా రాసింది. 2022 సెప్టెంబరు 4న సుమారు 62 శాతం మంది దాన్ని తిరస్కరించారు. వేరే సభ, ఈసారి కుడివైపు మొగ్గుతో, ఇంకో ముసాయిదా రాసింది. 2023 డిసెంబరులో దాన్నీ వద్దన్నారు. సైనిక నియంత పినోచెట్ కాలంలో వచ్చిన 1980 రాజ్యాంగమే, అనేక సవరణలతో, మిగిలింది. ఐస్‌లాండ్‌లో 25 మంది పౌరుల మండలి ఇంటర్నెట్‌లో జనం సూచనలు తీసుకుంటూ 2011లో ముసాయిదా సిద్ధం చేసింది. 2012 సలహా రెఫరెండంలో మూడింట రెండు వంతుల మంది ఔనన్నారు. పార్లమెంటు ఆమోదించలేదు. నేపాల్‌లో 2008లో ఎన్నికైన రాజ్యాంగ సభ పని పూర్తి కాకుండానే 2012లో రద్దయింది. రెండో సభ 2015లో ముగించింది, అది కూడా దక్షిణ మైదాన ప్రాంతమైన మధేశ్‌లో ఆందోళనల మధ్య.

దక్షిణాఫ్రికా దీన్ని దాటిన తీరు నేర్చుకోదగ్గది. అన్ని పక్షాలూ ముందు 34 సూత్రాల మీద ఒప్పందానికి వచ్చి, 1993లో తాత్కాలిక రాజ్యాంగం పెట్టుకున్నాయి. ఎన్నికల తర్వాత రాసిన పాఠం ఆ సూత్రాలకు సరిపోయిందో లేదో రాజ్యాంగ న్యాయస్థానం చూడాలన్నాయి. 1996 సెప్టెంబరులో కోర్టు సరిపోలేదని వెనక్కి పంపింది. దిద్దాక డిసెంబరులో ఒప్పుకుంది. ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో తెలియకముందే హద్దులు గీసుకోవడమే ఇందులో కిటుకు.

## ఎవరికి ఏది

యుద్ధం, నియంతృత్వం, వలసపాలన నుంచి బయటపడుతున్న దేశమైతే నాలుగో దారి తప్ప వేరే ఆలోచన వద్దు. సంప్రదాయాలు వాటిని పాటించిన తరాలు ఉన్నచోటే పనిచేస్తాయి. మీకు ఆ తరాలు లేవు. దక్షిణాఫ్రికా తరహాలో రెండు మెట్లుగా ఎక్కండి.

వందేళ్లుగా నిలకడగా నడుస్తున్న ప్రజాస్వామ్యమైతే ముందు రెండో దారి. చేర్చి, చదివి, జనానికి అలవాటు చేసి, తర్వాత ఎన్నికల నియమాలకూ న్యాయమూర్తుల స్వతంత్రతకూ మాత్రం స్వీడన్ తరహా తాళం వేసుకోవచ్చు. పన్నులు, పెన్షన్లు, ఆస్తుల వంటి విధానాలను లోపల పెట్టి మూయవద్దు. మద్యనిషేధాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించిన అమెరికా, 1933లో దాన్ని దించడానికి ఇంకో సవరణ చేసుకోవలసి వచ్చింది.

అధికారాన్ని ప్రాంతాలకు పంచిన దేశమైతే పుస్తకం లేకపోయినా తాళం ఉండి తీరాలి. ఒక పక్షం ఒంటరిగా మార్చుకోగల ఒప్పందం ఒప్పందం కాదు. స్కాట్లండ్ కథ చూశారుగా.

మీరు వ్యక్తిగా తక్కువ సంఖ్యలో ఉన్న సమూహానికి చెందితే, నేనైతే లిఖిత రాజ్యాంగానికే ఓటు వేస్తాను, ఒక షరతుతో: హక్కుల అధ్యాయం ఎంత అందంగా ఉందో కాదు, సామాన్యుడు నేరుగా కోర్టు మెట్లెక్కగలడా అన్నది చూస్తాను. 1936 సోవియట్ రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యం, పత్రికా స్వాతంత్ర్యం రాసే ఉన్నాయి.

ఒకే పార్టీ ఊపు మీద ఉండి కొత్త రాజ్యాంగం రాస్తానంటుంటే పాతది ఎంత లోపభూయిష్టమైనా ఆగమనే చెబుతాను. ఆ సమయంలో రాసే తాళం చెవి ఎవరి జేబులోకి పోతుందో హంగరీ చూపించింది.

సంస్కరణ ఆరాటంతో మొదటి దారిని మెచ్చుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. మీ సంస్కరణను తేలికగా తెచ్చిన తలుపే రేపు దాన్ని తేలికగా బయటికి నెడుతుంది.

## ముసాయిదా చేతికొస్తే ఎక్కడి నుంచి చదవాలి

వెనక నుంచి. ప్రవేశిక అందరికీ నచ్చేలానే ఉంటుంది. ముందు సవరణ అధ్యాయం తెరిచి, గత మూడు ఎన్నికల ఫలితాలతో ఆ మెజారిటీ ఏ పార్టీకైనా ఒంటరిగా దక్కి ఉండేదేమో లెక్క వేయండి. తర్వాత అత్యయిక పరిస్థితి: ఎవరు ప్రకటిస్తారు, ఎన్నాళ్లకు దానంతటదే ముగుస్తుంది, ఆ కాలంలో కోర్టులు తెరిచి ఉంటాయా? ఆపైన న్యాయమూర్తులను ఎవరు నియమిస్తారు, ఎవరు తొలగిస్తారు. ఈ మూడూ చదివాక హక్కుల అధ్యాయానికి రండి.

అన్నిటికంటే చివర, చిన్న అక్షరాల్లో ఉండే తాత్కాలిక నిబంధనలను వదిలేయకండి. చిలీ 1980 రాజ్యాంగం ముందు పేజీల్లో ప్రజలు ఎన్నుకునే అధ్యక్షుడి గురించి రాసి ఉంది. చివర్లోని తాత్కాలిక నిబంధనల్లో మాత్రం రాబోయే ఎనిమిదేళ్లూ అధ్యక్షుడు పినోచెట్ అని ఉంది.